డోలూ, నార్వే పాటా, డార్విన్ దారీ

సిడ్నీ నుంచి డార్విన్‌కి విమానంలో నాలుగున్నర గంటలు. నేను కారులో ఆరు రోజులు వెళ్ళాను. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ గుళ్ళో కనపడినవాళ్ళూ, బస్సు డిపోలో తోటి డ్రైవర్లూ ఒకటే ప్రశ్న, మతి ఉండే వెళ్ళావా అని. ఒక్కొక్కరికీ మొదటి నుంచీ చెప్పేసరికి నా గొంతు పోయేలా ఉంది. అందుకని రాసి పెడుతున్నాను.

స్కోఫీల్డ్స్

కారులో వెళ్ళడానికి మొదటి కారణం మా అన్నయ్య డోలు. మాది తెనాలి దగ్గర మేళం కుటుంబం. నాన్న సన్నాయి, అన్నయ్య వెంకటేశ్వర్లు డోలు, నేను సాక్సోఫోను. సన్నాయి వదిలేసి బ్యాండు సెట్టువాళ్ళ వాయిద్యం పట్టానని నాన్న మూడు నెలలు నాతో మాట్లాడలేదు. తర్వాత మా ఆవిడ కుమారి నర్సు వీసా మీద సిడ్నీ వస్తే ఆవిడ వెంట వచ్చి బస్సు డ్రైవర్నయ్యాను. అన్నయ్య డార్విన్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తాడు, పేషెంట్లను మంచాల మీద ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకి తీసుకెళ్ళే పని. మూడేళ్ళ క్రితం మా వదిన భారతి జబ్బు చేసి పోయింది. ఆ తర్వాత అన్నయ్య డోలు ముట్టుకోలేదు. కంటి ముందు ఉండకూడదని దాన్ని సిడ్నీలో, ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఉండే వదిన తమ్ముడు సుధాకర్ గ్యారేజీకి పంపేశాడు.

ఇప్పుడు అన్నయ్య కూతురు లాస్య పెళ్ళి, దానికి డోలు తనే వాయిస్తానని పట్టుబట్టాడు. డోలు డార్విన్ చేరాలి. విమానాశ్రయం బెల్టు మీద దొర్లి దాని చర్మం చిరిగిందంటే, ముహూర్తం లోపు బాగుచేసేవాడు ఉత్తర ఆస్ట్రేలియా మొత్తం వెతికినా దొరకడు.

రెండో కారణం లాస్య నాకు పోస్టులో పంపిన సీడీ. నార్వే దేశపు సాక్సోఫోను విద్వాంసుడి జాజ్ ఆల్బమ్. ఆయన పేరు పలకడం నాకు ఇప్పటికీ చేతకాలేదు, తప్పు రాసి ఆయన్ని అవమానించడం ఎందుకని రాయడం లేదు. అట్ట మీద బూడిద రంగు నీళ్ళు, ఒడ్డున ఒక చెక్క గది, మనిషన్నవాడు లేడు. లోపల చీటీ. లాస్య తెలుగు అర్థం చేసుకుంటుంది గానీ రాయలేదు, అందుకని ఇంగ్లీషులోనే రాసింది. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం వద్దట. దాని బదులు ఇందులో మూడో పాట నేను సాక్సోఫోను మీద వాయించాలట. అది వాళ్ళమ్మ పాటట.

వదిన చివరి నాలుగు నెలలూ ఇంట్లోనే ఉంది. ఏ చప్పుడూ భరించలేకపోయేది. మిక్సీ వద్దు, టీవీ వద్దు, పక్కగదిలో మాటలు కూడా వద్దు. ఇంటికొచ్చి చూసుకునే నర్సు ఈ సీడీ తెచ్చిపెడితే, ఇది ఒక్కటే పెట్టమనేదట. అందుకని లాస్యకి ఆ పాటంటే అమ్మ. అన్నయ్యకి సంగతి తెలిసిన సాయంత్రమే నాకు ఫోను చేశాడు.

"ఒరే చిన్నోడా, అది చావు పాట రా. మీ వదిన అది వింటూనే పోయింది. శుభమా అని పెళ్ళి చేస్తుంటే అది వినపడిందో, డోలు కిందపెట్టి బయటికెళ్ళిపోతాను. నా సంగతి తెలుసుగా."

పావుగంటలో లాస్య ఫోను. "బాబాయ్, ఆ డ్రమ్స్ నాయిస్ స్టార్ట్ అయితే ఐ విల్ వాక్ అవుట్. ఐ మీన్ ఇట్. రిజిస్ట్రీలో సైన్ చేసుకుంటాం, చాలు."

ఇద్దరికిద్దరూ మొండిఘటాలు. మధ్యలో ఊదాల్సినవాణ్ణి నేను.

గట్టిమేళం ఎందుకో ఈ కాలం పిల్లల కోసం చెబుతాను. తాళి కట్టే క్షణంలో ఎవరైనా తుమ్మినా, ఏడ్చినా, నోరుజారి ఓ చెడ్డమాట అన్నా పెళ్ళికూతురి చెవిన పడకూడదు. పురోహితుడు వేలెత్తి ఊపగానే మేళగాళ్ళు చెవులు చిల్లులు పడేలా మోగించాలి. ఆ క్షణంలో ఖాళీ వదిలితే వాడు మేళగాడే కాదు. పదిహేనేళ్ళు నాకు అన్నం పెట్టింది ఆ మోతే.

అలాంటి నేను మూడో పాట మొదటిసారి విన్నప్పుడు సీడీ పాడైందనుకున్నాను. నాలుగు స్వరాలు మెల్లగా ఊది ఆపేశాడు. లేచి ప్లేయర్ దగ్గరికి వెళ్ళేసరికి మళ్ళీ మొదలైంది. ఇంకో నాలుగు స్వరాలు, మళ్ళీ నిశ్శబ్దం. వెనక ఒక పియానో ఉందంటే ఉంది. ఇతనికి ఆయాసం జబ్బేమోనని జాలిపడ్డాను. మాకు పది తాళావర్తాలకు సరిపోయే గాలితో అతను పాటంతా నడిపించాడు.

ఇలాంటిది సిడ్నీలో మేముండే స్కోఫీల్డ్స్‌లో ఇంట్లో సాధన చేయడం కుదరదు. మా కొత్త కాలనీల్లో ఇళ్ళు ఎంత దగ్గరంటే, పక్కింట్లో తాలింపు వేస్తే మా ఇంట్లో తుమ్ముతాం. కుమారి తను విమానంలో వస్తానంది. డోలునీ, ఆ నార్వే ఆయన్నీ వెంటపెట్టుకుని నన్ను మాత్రం రోడ్డున పొమ్మంది.

ఎడ్మండ్‌సన్ పార్క్‌లో సుధాకర్ గ్యారేజీ నుంచి డోలు తీసి ముందు సీట్లో పెట్టాను. కారు ఊరుకోలేదు. సీట్లో బరువు పడింది, మనిషికి బెల్టు పెట్టలేదని పీపీమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. డోలుకి బెల్టు పెట్టాక నోరు మూసుకుంది.

"బావా, కార్గోలో వేస్తే ఇన్సూరెన్స్ ఉంటుంది కదా," అన్నాడు సుధాకర్. ఫైనాన్స్ ఉద్యోగం, ఆ మాట రాకుండా ఉండదు.

"చిరిగితే నీ ఇన్సూరెన్సు వచ్చి వాయిస్తుందా?" అని బండి తీశాను.

బోర్క్

రెండో రోజుకి నీలికొండలూ, గోధుమ పొలాలూ వెనకబడ్డాయి. నేల ఎర్రబడింది. బోర్క్ ఊళ్ళో బేకరీకి వెళ్ళి ఇక్కడివాళ్ళు పై అనే మాంసం కూరిన రొట్టెలో మాంసం లేనిది ఉందా అని అడిగితే, కౌంటర్లో ఆవిడ నాకేదో జబ్బనుకుని "అయ్యో పాపం" అన్నట్టు చూసి పాలకూర, చీజు పెట్టినది వెతికి ఇచ్చింది. ఏడున్నర డాలర్లు. కుమారి కట్టిచ్చిన కందిపొడి చల్లుకుంటే మన వంటే అనిపించింది.

ఊరి పక్కన డార్లింగ్ నది. పేరు ముద్దుగా ఉంది గానీ నీళ్ళు టీ రంగు. ఒడ్డున నిలబడి సాక్సోఫోను తీసి మూడో పాట మొదలుపెట్టాను. కాస్త అవతల ఒక ముసలాయన ఐసు డబ్బా మీద కూర్చుని గాలం వేసుకుని ఉన్నాడు. మూడుసార్లు పాట అయ్యేదాకా తల తిప్పలేదు.

"ఏమయింది మేట్, పాట మర్చిపోతున్నావా?" అన్నాడు చివరికి.

"లేదండీ. పాటలోనే ఉన్నాయి ఆ ఖాళీలు."

"మరి నువ్వు ఆగడం లేదే. గాలి పీల్చుకుంటున్నావంతే."

నాకు ఒళ్ళు మండింది. సంగీతం గురించి చేపలవాడి దగ్గర పాఠమా అనుకున్నాను. అడగడం మాత్రం అడిగాను, ఎలా ఆగాలో చెప్పమని.

"ఆగినప్పుడు ఏదో ఒకటి విను. ఏదైనా సరే. విన్నాక వాయించు. నేను నలభై ఏళ్ళుగా చేసేదదే," అని ఖాళీ బకెట్టు చూపించాడు. ఆ రోజు ఒక్క చేపా పడలేదట. ఆయనకి దాని గురించి దిగులున్నట్టు లేదు.

మళ్ళీ వాయించాను. నాలుగు స్వరాలు ఊది ఆపి, చెవులు రిక్కించాను. అవతలి ఒడ్డున కాకాటూ పక్షులు ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి. అది విని తర్వాతిది ఊదాను. ముసలాయన మళ్ళీ గాలం వైపు తిరిగాడు. అంటే బాగుందనే అర్థం చేసుకున్నాను.

ఒక్క వేలు

క్వీన్స్‌లాండ్‌లోకి వెళ్ళాక ఒక మర్యాద గమనించాను. ఎదురొచ్చే ప్రతి బండివాడూ స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి చూపుడువేలు ఒక్కటి పైకెత్తుతాడు. నమస్కారమన్నమాట. సిడ్నీలో ఎవరైనా వేలు చూపించారంటే అది వేరే వేలు, అర్థం కూడా వేరే.

నాకేమో చూపుడువేలు లేవగానే ఛాతీ నిండా గాలి దూరిపోతుంది. పదిహేనేళ్ళు పురోహితుల వేలు చూసి ఊదిన ఒళ్ళు కదా. మొదటి రోజంతా ప్రతి లారీకీ ఉలిక్కిపడ్డాను. లాంగ్‌రీచ్ దాటేసరికి నేనూ తిరిగి వేలెత్తడం నేర్చుకున్నాను. వింటన్ దాకా గొర్రెల లారీలకీ, ఇంటిని వెనక తగిలించుకుని తిరిగే రిటైరైన జంటలకీ వేలు చూపిస్తూనే ఉన్నాను.

కారులో ఆ సీడీ తిరుగుతూనే ఉంది. పాటకి రాగం ఏదో పట్టుకుందామని చాలా చూశాను. మోహన ఇంటిదాకా వెళ్తాడు, గుమ్మం దగ్గర నిలబడి, తలుపు తట్టకుండా వచ్చేస్తాడు. ఆయన మీద కోపం తగ్గింది. ఏడో పాటలో ఒకచోట సాక్సోఫోను మీటల టకటక కూడా వినిపిస్తుంది. చేతులు కాస్త వణుకుతాయి కాబోలు, పెద్దాయనే అయ్యుంటాడు.

క్లాన్‌కరీ

నాలుగో రోజు ఎండకి తలనొప్పి వచ్చింది. క్లాన్‌కరీలో మందుల షాపుకి వెళ్ళి బిళ్ళలు తీసుకుని కార్డు ఇస్తే, ఫార్మసిస్టు పిల్ల దాని మీద పేరు చూసింది.

"అన్నా, మీరు తెలుగా? మస్తు దినాలైంది తెలుగోళ్ళను చూసి!"

పేరు రజిత. కరీంనగర్ పిల్ల. బ్రిస్బేన్‌లో యూనివర్సిటీలో చదివి, పీఆర్ కోసం, అంటే ఈ దేశంలో శాశ్వతంగా ఉండే వీసా కోసం, ఇంత లోపలికి వచ్చి పడిందట. పీఆర్ వచ్చాక కూడా ఇక్కడే ఉండిపోయింది. లంచ్ టైమైందని షాపు ముందు బల్ల మీద కూర్చోబెట్టి తన డబ్బా విప్పింది. అన్నం, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ కారం. నాలుగు రోజులుగా పైలు తిన్న నోటికి పచ్చిపులుసు తగిలేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా వైపు దీన్ని చారు కిందికి కూడా లెక్కపెట్టరు. ఇకమీదట నేను లెక్కపెడతాను.

తన సంగతులు చెబుతూ అంది, "ఈడ సప్పుడే ఉండదన్నా. మా ఆయన మైన్‌ల షిఫ్టుకు పోతే టూ వీక్స్ రాడు. నేను ఫ్రిజ్ సప్పుడు వినుకుంట కూసుంట. నవ్వకు అన్నా, ఒక్కోపారి ఉత్తగనే మిక్సీ ఆన్ చేస్త."

పెళ్ళి గొడవ చెప్పి ఫోన్లో మూడో పాట వినిపించాను. మొదటి ఖాళీ రాగానే ఫోను వంక చూసింది.

"సిగ్నల్ పోయిందా?"

"లేదమ్మా, పాటే అంత."

పాట పూర్తిగా వింది. "మంచిగనే ఉంది. కానీ ఏమనుకోకు అన్నా, మా దిక్కు పెండ్లిల ఇట్ల వాయిస్తే బ్యాండోళ్ళను ఉరికిచ్చి కొడ్తరు." నాకు ఇంకాస్త అన్నం వడ్డిస్తూ, "మీ అన్న చెప్పిందాంట్ల తప్పేముంది? వదిన పోయినంక ఆ ఇంట్ల సప్పుడు లేకుంట మూడేండ్లు బతికిండు. బిడ్డ పెండ్లికన్న జర సప్పుడు గావాలె అనుకుంటడు," అంది.

అప్పటిదాకా నేను మనసులో లాస్య పక్షం. అన్నయ్యది చాదస్తం అనుకుంటున్నాను. రజిత మాట విన్నాక ఎవరి పక్షమూ కాకుండా పోయాను. డబ్బా కడిగిస్తానంటే ఒప్పుకోలేదు. ఉల్లిగడ్డ కారం ఒక సీసాలో పెట్టి డార్విన్‌లో పెళ్ళికూతురికిమ్మంది.

బార్క్లీ

మౌంట్ ఐసా దాటాక బార్క్లీ మైదానం, చెట్టన్నది లేదు. పసుపుపచ్చ గడ్డి, దాని మీద ఆకాశం. బస్సు డ్రైవర్ని కదా, గంటల తరబడి ఒక్క స్టాపూ లేని రోడ్డు చూస్తే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. దారి మధ్యలో ఒకే ఒక్క పెట్రోలు బంకు, అదే హోటలు, అదే టీకొట్టు. అక్కడ లీటరు ధర చూసి కళ్ళు తిరిగాయి. బంకులో అమ్మాయి కారులోకి తొంగిచూసి, "మీ ఫ్రెండుకి కూడా కాఫీ కావాలా?" అని డోలును చూపించింది. నాలుగు వేల కిలోమీటర్ల దారిలో ఆ జోకు వేసిన ఆరో మనిషి. అయినా నవ్వాను.

ఆ పొడి గాలికి డోలు చర్మం బిగుసుకుపోయింది. గోటితో తడితే ఇనప రేకులా పలికింది. ఇంకా బిగుసుకుంటే చిరుగుతుంది. భయపడి తువ్వాలు తడిపి, పిండి, పసిపిల్లకి చుట్టినట్టు చుట్టాను. కాస్త మెత్తబడ్డాక తువ్వాలు తీసి, కారు తలుపులు బార్లా తెరిచి, పక్కనే నిలబడి మూడో పాట వాయించాను.

నాలుగు స్వరాలు ఊది ఆపాను. ఏదో ఒకటి వినాలి కదా. వింటే, కారులోంచి చిన్న హోరు వస్తోంది. నా స్వరానికి డోలు చర్మం కంపించి, నేను ఆపాక కూడా ఒక క్షణం మోగుతోంది. మళ్ళీ ఊదాను. మళ్ళీ మోగింది. మూడేళ్ళు గ్యారేజీలో అట్టపెట్టెల మధ్య పడున్న డోలు పలుకుతుంటే నాకు అన్నయ్య మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది. ఏం చేసైనా సరే, పెళ్ళిలో ఆయన లేచి వెళ్ళిపోకూడదు అనుకున్నాను. ఎలాగో మాత్రం తెలియలేదు.

డార్విన్

ఆరో రోజు సాయంత్రం డార్విన్‌లో అన్నయ్య ఇంటి ముందు ఆగాను. ఈ దేశానికి చలికాలమైన ఆగస్టులో కూడా ఇక్కడ పంచె కట్టుకుని తిరగొచ్చు. ఆయన బయటికొచ్చి, నన్ను కాకుండా ముందు సీటు చూశాడు. బెల్టు తీసి డోలును రెండు చేతులా ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళాడు. ఒక్క దెబ్బా కొట్టి చూడలేదు.

లాస్య వచ్చి వాటేసుకుంది. "బాబాయ్, డిడ్ యూ లర్న్ ఇట్?" అని చెవిలో అడిగింది. వచ్చిందన్నాను. ఆ ఇంట్లో తండ్రీ కూతుళ్ళు పూలవాడి గురించీ, కుర్చీల గురించీ తప్ప ఇంకేం మాట్లాడుకోవడం లేదని కుమారి అప్పటికే కనిపెట్టేసింది.

మర్నాడు సాయంత్రం అన్నయ్య నన్ను సముద్రం ఒడ్డున సంతకి తీసుకెళ్ళాడు. డార్విన్‌వాళ్ళు లక్సా అనే కొబ్బరిపాల పులుసు మీద పడి బతుకుతారు. గిన్నె పదహారు డాలర్లు. అందులో సేమ్యాలాంటివి వేస్తారు, అవి మింగుడు పడలేదు గానీ పులుసుకి మాత్రం వంక పెట్టలేం. తినేసి ఇసుకలో కూర్చున్నాం. ఇక్కడివాళ్ళకి ఒక అలవాటుంది. సూర్యుడు నీళ్ళలో మునగగానే జనమంతా చప్పట్లు కొడతారు. మనం ఉదయించేవాడికి దండం పెడతాం, వీళ్ళు మునిగేవాడికి చప్పట్లు కొడతారు.

చప్పట్లు అయిపోయాక అన్నయ్య అన్నాడు, "చావు పాటని ఊరికే అనలేదు రా."

ఇసుక పిడికిట్లోకి తీసుకుని వదులుతూ చెప్పుకొచ్చాడు.

"నర్సమ్మ ముందే చెప్పింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుద్ది, కంగారు పడకండి అని. ఆ పాట మోగుతున్నంతసేపూ నాకు మీ వదిన ఊపిరి వినపడేది కాదు. వాడు ఆపుతాడు చూడు, అక్కడ వినేవాణ్ణి. ఆపగానే ఒక ఊపిరి. మళ్ళీ పాట. మళ్ళీ ఆపగానే ఊపిరి. నెల రోజులు అదే పని నాకు. ఆ రోజు మధ్యాహ్నం మూడో పాట పెట్టాను. వాడు ఆపాడు. చెవి దగ్గర పెట్టి విన్నాను. ఏం లేదు. ఇంకాసేపు విన్నాను. వాడు మళ్ళీ వాయించడం మొదలెట్టాడు రా."

"లాస్యకి తెలుసా?"

"యూనివర్సిటీలో పరీక్ష రాస్తోంది అప్పుడు. నిద్రలో పోయిందని చెప్పాను. పిల్లకి ఇదంతా ఎందుకు?"

చీకటి పడకముందే లేచాం. దారంతా ఆయన బండి నేనే నడిపాను.

చెప్పొద్దని ఆయన అనలేదు. మర్నాడు పొద్దున్నే, గోరింటాకు ఆరబెట్టుకుంటూ వరండాలో కూర్చున్న లాస్యకి చెప్పేశాను. రెండు చేతులూ గాల్లో పెట్టుకుని వింది. ముఖం తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేకపోతే కుమారి తుడిచింది.

"నాన్న నెవర్ టోల్డ్ మీ," అంది. "నాకు అమ్మ వింటున్నదే గుర్తుంది. హి వాజ్ లిజనింగ్ టు హర్." ఆపైన తెలుగులోకి వచ్చింది. "వద్దులే బాబాయ్. గట్టిమేళమే వాయించండి. నాన్న డోలు పట్టుకుంటే చాలు."

లోపలికెళ్ళి అన్నయ్యతో చెప్పాను, అమ్మాయి ఆ పాట వద్దంది అని. డోలు పగ్గాలు బిగిస్తున్నాడు. "ఊఁ," అన్నాడు. చేతులు మాత్రం ఆగాయి.

ముహూర్తం

గోడల్లేని హాలు, పైన పెద్ద ఫ్యాన్లు, చుట్టూ దేవగన్నేరు చెట్లు. పొద్దున పదింటికి ముహూర్తం. వదిన లేదు కాబట్టి సుధాకర్ దంపతులు పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. అన్నయ్య మేళం చాప మీద నా పక్కన కూర్చుని, సొంత కూతురి పెళ్ళికి డోలు వాయిస్తున్నాడు. మూడేళ్ళ తర్వాత కూడా చేయి తప్పలేదు. పురోహితుడు శర్మగారు వారంలో ఐదు రోజులు ప్రభుత్వ ఆఫీసులో ఆడిటింగు చేస్తారు, శని ఆదివారాలు పెళ్ళిళ్ళు చేస్తారు. మంత్రాల్లో కూడా ఒక్క అక్షరం వదలని మనిషి.

పెళ్ళికొడుకు వరుణ్ మంగళసూత్రం పట్టుకుని లేచాడు. శర్మగారు వేలెత్తి ఊపారు. "గట్టిమేళం! గట్టిమేళం!"

నా ఛాతీ నిండింది. అన్నయ్య కర్ర పైకి లేచింది. లేచి అక్కడే ఉండిపోయింది. మెల్లగా దించి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చిన్నోడా, మీ వదిన పాట వాయించు."

శర్మగారి వేలు ఇంకా ఊగుతూనే ఉంది. లాస్య తల తిప్పి తండ్రి వంక చూసింది. పెదవులు తడుపుకుని మొదలుపెట్టాను. నాలుగు స్వరాలు. వరుణ్ మొదటి ముడి వేశాడు. ఆపాను. బోర్క్ ముసలాయన చెప్పినట్టు వినడం మొదలుపెట్టాను.

శర్మగారు తుమ్మారు.

మామూలు తుమ్ము కాదు. దేవగన్నేరు పుప్పొడి ముక్కులోకి పోయిందట, తర్వాత చెప్పారు. హాలంతా ఒక్కసారి "హా" అంది. వెనక వరసలో ఎవరో ఆంటీ గుండెల మీద చేయి వేసుకుంది. ఆరు రోజులు ఎడారిలో నేర్చుకున్నదంతా ఎటు పోయిందో పోయింది. నా వేళ్ళు వాటంతటవే పైస్థాయికి దూకాయి, గట్టిమేళం మొదటి స్వరం సగం బయటికొచ్చేసింది కూడా. అంతలో ఒక అరచేయి వచ్చి సాక్సోఫోను నోటికి అడ్డంపడింది.

"ఉండరా," అన్నాడు అన్నయ్య.

చేయి తీయలేదు. ఆయన నా వైపు చూడటం లేదు. మండపం వైపు మెడ చాచి, తల కాస్త పక్కకి వంచి ఉన్నాడు. నాకు అప్పుడు అర్థమైంది, వింటున్నాడని. ఎవరూ కదలలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎక్కడో దూరంగా కర్ల్యూ పక్షి ఏడుపులా అరిచింది. నాకేమో తుమ్మూ, పక్షీ కలిసి పెళ్ళి మొత్తం పాడైపోయిందనిపించింది. లాస్య తల వంచుకుని నిలబడి ఉంది. అంత నిశ్శబ్దంలో ఆ పిల్ల గట్టిగా, వెక్కినట్టుగా ఊపిరి తీసుకోవడం మా చాప దాకా వినిపించింది.

అన్నయ్య చేయి తీశాడు. "ఇప్పుడు కానీ."

రెండో ముడి, నాలుగు స్వరాలు, ఖాళీ. మూడో ముడి, నాలుగు స్వరాలు, ఖాళీ. ఈసారి ఒక్కరూ దగ్గలేదు కూడా. ఆ తర్వాత అన్నయ్య కర్ర అందుకున్నాడు. ఎప్పుడూ మొదటి ముడికి ముందే లేవాల్సిన మేళం మూడో ముడి తర్వాత లేచింది. అంత మోత నేను నాన్న హయాంలో కూడా వినలేదు. దేవగన్నేరు చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. లాస్య చెవులు మూసుకోలేదు. ఏడుస్తూ నవ్వుతూ అక్షింతలు దులుపుకోకుండా తండ్రినే చూస్తూ నిలబడింది. నేనూ ఊదాను, కళ్ళు తిరిగేదాకా.

భోజనాల దగ్గర ఆంటీలు, అంకుల్‌లు శర్మగారి తుమ్ముకి శాంతి చేయించాలా వద్దా అని చర్చ పెట్టుకున్నారు. తుమ్మింది తనే కాబట్టి తీర్పు చెప్పలేనని శర్మగారు తప్పుకున్నారు. అన్నయ్యా నేనూ అందరి తర్వాత చివరి బంతిలో కూర్చున్నాం. రజిత ఇచ్చిన ఉల్లిగడ్డ కారం పెరుగన్నంలో నంజుకుంటూ అన్నయ్య మోచేత్తో నన్ను పొడిచాడు.

"విన్నావా?"

"ఆ తుమ్ము డార్విన్ మొత్తం విన్నది అన్నయ్యా."

"తుమ్ము కాదురా," అన్నాడు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది, కళ్ళలోంచి నీళ్ళు విస్తట్లో పడుతున్నాయి. "పాట ఆగింది కదా. ఆగాక... పిల్ల ఊపిరి తీసుకుంది రా."